పింఛను ఆగితే ఎవర్ని అడగాలి? సచివాలయం చేయగలిగేది, చేయలేనిది

ఇవాళ్టి ఎపిసోడ్ పింఛన్ల మీద. ఏ పార్టీ ఎంత పెంచింది, పథకానికి ఎవరి పేరు పెట్టారు అనేది టీవీల్లో రోజూ వింటూనే ఉన్నాం, దాని జోలికి నేను వెళ్లను. రూలు మారిన ప్రతిసారీ మన బందర్లోనో, గుడివాడలోనో, దివిసీమలోనో ఒక పెద్దాయనకి రావాల్సిన డబ్బు ఎక్కడో ఒకచోట ఇరుక్కుంటుంది. అది ఎక్కడ ఇరుక్కుంటుంది? ఇరుక్కుంటే ఊళ్లో ఉన్న సచివాలయం, పంచాయతీ, మున్సిపాలిటీ ఏం చేయగలవు, ఏం చేయలేవు? ఇదీ విషయం.

నెలకి 4,000 అంటే ఉద్యోగాలు చేసే మనలాంటి వాళ్లకి రెండు వారాంతాల ఖర్చు. ఒంటరిగా ఉండే ముసలావిడకి అదే నెల మందులు, కిరాణా, కరెంటు బిల్లు. ఒక్క నెల ఆగిందంటే అప్పు చేయాలి, లేదా బీపీ బిళ్ల మానేయాలి. అందుకే చివరిదాకా చూడండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఆఖర్లో చెప్పే నాలుగు పనులు రాసిపెట్టుకోండి.

అసలు ఏమేం మారింది?

ముందు మొత్తాలు చకచకా చూసేద్దాం. 2014 అక్టోబర్ 2న వృద్ధాప్య పింఛను 200 నుంచి 1,000 అయింది. 2019 మొదట్లో 2,000. అదే ఏడాది జూలైలో 2,250, అర్హత వయసు కూడా 65 నుంచి 60కి తగ్గింది. 2022లో 2,500, 2023లో 2,750, 2024 జనవరిలో 3,000. 2024 జూలై 1న 4,000. ఆ పెంపు ఏప్రిల్ నుంచి లెక్క కట్టారు కాబట్టి మూడు నెలల బకాయి 3,000 కలిపి ఆ రోజు చేతికి 7,000 వచ్చింది. దివ్యాంగులకి 3,000 కాస్తా 6,000 అయింది. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకి 10,000. పూర్తిగా మంచానికే పరిమితమైన వాళ్లకి 5,000 నుంచి 15,000.

మత్స్యకారులకి, చేనేత కార్మికులకి, కల్లుగీత కార్మికులకి 60 దాకా ఆగక్కర్లేదు, 50కే వస్తుంది. గిలకలదిండిలో వేటకెళ్లే వాళ్లకి, పెడనలో మగ్గం మీద కూర్చునే వాళ్లకి ఇది చాలా ముఖ్యం. అయినా 60 నిండలేదు కదా అని అప్లై చేయని వాళ్లు ఉంటారు. మీ చుట్టుపక్కల అలాంటి వాళ్లుంటే చెప్పండి.

మొత్తం పెరగడం అందరికీ తెలుస్తుంది, పేపర్లో మొదటి పేజీలో వస్తుంది. కానీ మొత్తంతో పాటు ఇంకో మూడు విషయాలు మారుతుంటాయి. డబ్బు ఎవరు తెచ్చిస్తారు? మీరు అర్హులని ఏ రికార్డు చెబుతుంది? కాదంటే ఎక్కడ మొరపెట్టుకోవాలి? పింఛను ఆగేది ఎప్పుడూ ఈ మూడింటిలో ఏదో ఒకదాని దగ్గరే. ఒక్కొక్కటీ చూద్దాం.

ఒకటి: చేతికి వచ్చే దారి

2019 అక్టోబర్ 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాయి. రాష్ట్రం మొత్తం మీద 15,004. పల్లెల్లో దాదాపు 2,000 జనాభాకి ఒకటి. అంతకుముందే ఆగస్టులో వాలంటీర్లు వచ్చారు, 50 ఇళ్లకి ఒకరు. 2020 ఫిబ్రవరి నుంచి వాళ్లే ఒకటో తారీఖున ఇంటికొచ్చి పింఛను ఇవ్వడం మొదలైంది. అప్పటిదాకా పంచాయతీ ఆఫీసు దగ్గరో, పోస్టాఫీసు దగ్గరో క్యూ కట్టిన వాళ్లకి ఇది పెద్ద మార్పు.

2024 మార్చి 30న ఎన్నికల సంఘం వాలంటీర్లను నగదు పంపిణీకి దూరంగా ఉంచమంది. ఏప్రిల్‌లో చాలామందిని సచివాలయానికే రమ్మన్నారు. నడవలేని వాళ్లకి, జబ్బుతో ఉన్నవాళ్లకి మాత్రం ఇంటి దగ్గర. మే నెలలో ఆధార్ లింకైన బ్యాంకు ఖాతా ఉంటే నేరుగా ఖాతాలో వేశారు. నాలుగింట మూడొంతుల మందికి అలా బ్యాంకులో పడింది. మే 1 బ్యాంకులకి సెలవు. రెండో తారీఖు నుంచి ఎండల్లో బ్యాంకుల ముందు క్యూలు. జూలై వచ్చేసరికి సచివాలయం ఉద్యోగులే ఇంటింటికీ వచ్చి ఇవ్వడం మొదలైంది.

అంటే నాలుగు నెలల్లో దారి మూడుసార్లు మారింది. డబ్బు మాత్రం అదే ఖజానా నుంచి, అదే జాబితా ప్రకారం వస్తోంది. 'బ్యాంకులో పడింది కదా, ఇంకేంటి సమస్య?' అని సిటీలో కూర్చుని అనుకోవచ్చు. ఒకసారి నాగాయలంక మండలం మ్యాపు తెరిచి చూడండి. ఎదురుమొండి దీవి వాళ్లు ఏటిమొగ రేవు దగ్గర కృష్ణ దాటాలి. ఈలచెట్లదిబ్బకి పడవే దారి. అలాంటి చోట 70 ఏళ్ల మనిషికి పింఛను ఖాతాలో పడటమంటే పడవెక్కడం, ఆటో ఎక్కడం, క్యూలో నిలబడటం, తోడుగా వచ్చిన మనిషి ఆ రోజు కూలి పోగొట్టుకోవడం. సర్వర్‌లో 'జమ అయింది' అని చూపిస్తుంది. మనిషి చేతికి ఇంకా రాలేదు.

ఇంటికొచ్చి ఇచ్చేటప్పుడు కూడా ఒక అడ్డంకి ఉంది, వేలిముద్ర. ఈ మాటలు మీరు వినే ఉంటారు:

'మామ్మగారూ, ఇంకో వేలు పెట్టండి.'

'అన్నీ పెట్టాను కదా బాబూ, పదీ అయిపోయినాయి.'

నలభై ఏళ్లు నాట్లు వేసి, కలుపు తీసిన చేతులు. వల లాగిన చేతులు. గీతలు అరిగిపోతాయి, మిషను గుర్తుపట్టదు. అది ఆవిడ తప్పు కాదు, పింఛను రద్దయిందనీ కాదు. వేలిముద్ర పడకపోతే కనుపాప స్కాన్, ముఖం గుర్తింపు లాంటి వేరే పద్ధతులున్నాయి. 'వేలిముద్ర పడట్లేదు, ఇంక రాదు' అని ఎవరైనా చెబితే అక్కడితో ఆగిపోకండి. 'ఐరిస్‌తో గానీ, ఫేస్‌తో గానీ చూడండి సార్' అని మర్యాదగా అడగండి. వీలైతే ఆధార్ సెంటర్‌లో బయోమెట్రిక్ అప్‌డేట్ కూడా చేయించండి.

రెండు: రికార్డులో మీ కుటుంబం

ఇక్కడ నా పాత ఉద్యోగం కొంచెం పనికొస్తుంది. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు చేసిన పనిలో సగం, వేర్వేరు టేబుల్స్‌ని ఒక నంబర్‌తో కలపడమే. పింఛను అర్హత తేల్చేది కూడా సరిగ్గా ఇలాగే. ఆధార్ నంబర్ పట్టుకుని భూమి రికార్డు, కరెంటు మీటరు, వాహనాల రిజిస్ట్రేషన్, ఆదాయపు పన్ను, ప్రభుత్వ జీతాలు, పట్టణాల్లో అయితే ఆస్తి పన్ను, అన్నిటినీ కలిపి చూస్తారు. సచివాలయంలో 'ఆరు అంచెల పరిశీలన' అనే మాట వింటుంటారే, అది ఇదే.

2019 డిసెంబర్‌లో వచ్చిన నిబంధనల ప్రకారం కుటుంబ ఆదాయం పల్లెలో నెలకి 10,000, పట్టణంలో 12,000 దాటకూడదు. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు, రెండూ కలిపి 10 ఎకరాల లోపు ఉండాలి. కారు ఉండకూడదు. టాక్సీ, ఆటో, ట్రాక్టర్‌కి మినహాయింపు ఉంది. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి గానీ, ప్రభుత్వ పెన్షనర్ గానీ ఉండకూడదు, పారిశుధ్య కార్మికులైతే పర్వాలేదు. కరెంటు సగటున నెలకి 300 యూనిట్ల లోపు. ఆదాయపు పన్ను కట్టే వాళ్లు ఉండకూడదు. పట్టణంలో ఇల్లు 1,000 చదరపు అడుగుల లోపు.

చదువుతుంటే సబబుగానే ఉంటుంది. చిక్కంతా 'కుటుంబం' అనే ఒక్క మాటలో ఉంది. ఊళ్లో మనకి కుటుంబమంటే ఒక పొయ్యి మీద వండుకుని తినేవాళ్లు. సిస్టమ్‌కి కుటుంబమంటే హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో ఒక నంబర్ కింద ఉన్న ఆధార్లు. ఈ రెండూ ఒకటి కానప్పుడే పింఛను పోతుంది.

ఉదాహరణలు చెప్తాను. కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం, జీతంలో పన్ను కట్ అవుతుంది. అమ్మ గుడివాడ దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటుంది. కానీ రైస్ కార్డులో, మ్యాపింగ్‌లో ఇద్దరూ కలిసే ఉన్నారు. సిస్టమ్ లెక్కలో ఆవిడ పన్ను కట్టే ఇంటి మనిషి. కొడుకు నెలనెలా డబ్బు పంపుతున్నాడా లేదా అన్నది దానికి అనవసరం.

ఇంకోటి. ఇంటి ఓనరు మీటరు కింద అద్దెకున్న వాళ్ల ఆధార్ ఎక్కింది. లేదా అన్నదమ్ములు ఇద్దరూ ఒకే మీటరు మీద ఉన్నారు. ఎండాకాలం ఏసీ వేసింది పైవాటా వాళ్లు, 300 యూనిట్లు దాటింది కింద వాటాలో ఉన్న ముసలాయన ఖాతాలో. ఇంకోటి, కారు అమ్మేశారు గానీ ఆర్సీ కొన్నవాడి పేరు మీదకి మారలేదు. రికార్డులో మీకింకా కారుంది.

పట్టణం, పల్లె తేడా కూడా గమనించండి. 1,000 అడుగుల రూలు మున్సిపాలిటీ పరిధిలోనే. పాత పెంకుటిల్లు పల్లెలో ఎంత పెద్దదున్నా ఆ రూలు అడ్డు రాదు. అదే బందరు కార్పొరేషన్ పరిధిలో తాతలనాటి ఇల్లు పెద్దదైతే, అందులో ఉండేది ఒక్క ముసలావిడే అయినా అడ్డొస్తుంది.

ఇల్లు మారడం ఇంకో సంగతి. గుడివాడలో మల్లాయపాలెం దగ్గర 8,912 టిడ్కో ఇళ్లు కట్టారు, 2023 జూన్‌లో ప్రారంభించారు. ఊళ్లో వేర్వేరు వార్డుల్లో ఉన్నవాళ్లు అక్కడికి మారారు. మనిషి మారినంత మాత్రాన మ్యాపింగ్ దానంతటది మారదు. పింఛను పాత సచివాలయం లిస్టులో ఉంటే ఒకటో తారీఖున ఉద్యోగి పాత గుమ్మం తడతారు. ఇల్లు మారితే పింఛను ట్రాన్స్‌ఫర్ చేయమని విడిగా అడగాలి.

సచివాలయం ఇక్కడ ఏం చేయగలదంటే, తప్పు ఎక్కడుందో స్క్రీన్ మీద చూసి చెప్పగలదు. రైస్ కార్డు విభజనకి, మ్యాపింగ్ సవరణకి దరఖాస్తు తీసుకోగలదు. కానీ మీటరు తప్పుని సరిదిద్దేది కరెంటు ఆఫీసు, ఆర్సీని సరిదిద్దేది రవాణా శాఖ, భూమిని సరిదిద్దేది రెవెన్యూ. అందుకే 'మీరు అనర్హులు' అన్న మాట దగ్గర ఆగకండి. 'ఏ కారణంతో? ఏ రికార్డు ప్రకారం?' అని అడిగి రాయించుకోండి. కారణం తెలియకుండా తిరిగితే నాలుగు ఆఫీసులు. తెలిస్తే ఒకటే ఆఫీసు.

మూడు: ఎవరి చేతిలో ఏముంది?

రాజ్యాంగం 11వ షెడ్యూల్‌లో పంచాయతీలకి అప్పగించదగిన 29 అంశాలున్నాయి. సాంఘిక సంక్షేమం, బలహీన వర్గాల సంక్షేమం, రేషన్ సరఫరా అందులోవే. చదివితే పింఛను సర్పంచ్ చేతిలో పనే అనిపిస్తుంది. నిజానికి పింఛను డబ్బు రాష్ట్ర ప్రభుత్వానిది, పథకాన్ని నడిపేది గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, అంటే సెర్ప్. మంజూరు పల్లెలో ఎంపీడీవో, పట్టణంలో మున్సిపల్ కమిషనర్ పేరు మీద జరుగుతుంది. మీరు కలవాల్సిన మొదటి మనిషి గ్రామ సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్, వార్డు సచివాలయంలో వెల్ఫేర్ కార్యదర్శి. సర్పంచ్‌కి గానీ కౌన్సిలర్‌కి గానీ పింఛను మంజూరు చేసే అధికారం లేదు, ఆపే అధికారం కూడా లేదు.

అలాగని పంచాయతీకి పనే లేదనుకోవద్దు. ఒక ఉదాహరణ. 2024 చివర్లో ఒక మంచి మార్పు వచ్చింది: పింఛను తీసుకునే భర్త చనిపోతే, మామూలు కొత్త మంజూరుల కోసం ఎదురుచూడకుండా, మరుసటి నెల నుంచే భార్యకి పింఛను ఇచ్చే ఏర్పాటు. దానికి కావాల్సిన మొదటి కాగితం మరణ ధ్రువీకరణ పత్రం. అదిచ్చేది పంచాయతీ లేదా మున్సిపాలిటీ. మరణం 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే ఆలస్య రుసుము లేదు, అఫిడవిట్ల తలనొప్పి లేదు. దినకార్యాల హడావుడిలో ఈ పని వెనక్కి పోతుంది, ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ నష్టపోయేది ఆవిడే. ఊళ్లో ఎవరైనా పోతే ఈ ఒక్క విషయం గుర్తుచేసే బాధ్యత వార్డు మెంబరు తీసుకుంటే చాలు. అధికారం అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు.

అప్పుడే వచ్చిన ఇంకో మార్పు. ఇదివరకు ఏ నెల పింఛను ఆ నెలలో తీసుకోకపోతే పోయినట్టే. ఇప్పుడు ఒక నెల తప్పితే రెండో నెలలో రెండూ కలిపి, రెండు నెలలు తప్పితే మూడో నెలలో మూడూ కలిపి తీసుకోవచ్చు. కానీ వరుసగా మూడు నెలలూ తీసుకోకపోతే శాశ్వతంగా వలస పోయినట్టు లెక్క, పింఛను నిలిపేస్తారు. కూతురి కాన్పుకని బెంగళూరు వెళ్లి నాలుగు నెలలు ఉండిపోయే అమ్మలు మన జిల్లాలో తక్కువేం కాదు. వెళ్లేముందు వెల్ఫేర్ అసిస్టెంట్‌కి ఒక మాట చెప్పాలి. మూడో నెలలో ఒకటో తారీఖుకి ఇంట్లో ఉండాలి. ఒకటో తారీఖు సెలవైతే పంపిణీ ముందు రోజే జరుగుతుంటుంది, అదీ చూసుకుని టికెట్ బుక్ చేయండి.

దివ్యాంగుల పింఛన్లు: అన్నిటికంటే కష్టమైన మార్పు

2025 జనవరి నుంచి ఆరోగ్య, దివ్యాంగ పింఛన్ల పునఃపరిశీలన మొదలైంది. మొదట 15,000 తీసుకునే వాళ్ల ఇళ్లకి డాక్టర్ల బృందాలు వెళ్లాయి. తర్వాత మిగతా వాళ్లని సదరం పరీక్షలకి పిలిచారు. ఆగస్టులో నోటీసులొచ్చాయి. 40 శాతం కన్నా తక్కువ వైకల్యం అని తేలితే పింఛను పోతుంది. కొందరికి రకం మారుతుంది, అంటే 15,000 నుంచి 6,000కి, లేదా 60 దాటిన వాళ్లయితే వృద్ధాప్య పింఛను 4,000కి.

దొంగ సర్టిఫికెట్లు ఉన్నాయా? ఉంటాయి, ఏరివేయాల్సిందే. కానీ పరీక్షలో పొరపాటు జరగడానికీ ఆస్కారం ఉంది. ఒక తప్పుడు పింఛను ఆగకపోతే ప్రభుత్వానికి నెలకి కొన్ని వేలు నష్టం. ఒక నిజమైన పింఛను ఆగితే ఒక ఇల్లే తలకిందులవుతుంది. అందుకే నోటీసుకీ, రద్దుకీ మధ్య ఉన్న సమయం చాలా విలువైంది. నోటీసులందుకున్న వాళ్లు అప్పీల్ చేసుకోవచ్చని ప్రభుత్వం చెప్పింది. పల్లెలో ఎంపీడీవో దగ్గర, పట్టణంలో మున్సిపల్ కమిషనర్ దగ్గర. అప్పీల్ పెట్టాక మళ్లీ పరీక్షకి పిలుస్తారు.

ఇక్కడ సచివాలయం చేయాల్సిన పని కాగితం ఇచ్చి సంతకం పెట్టించుకోవడం ఒక్కటే కాదు. కోడూరులో ఉన్న మనిషి, నడవలేని మనిషి, బందరు పెద్దాసుపత్రిదాకా రావాలంటే ఎవరు తీసుకొస్తారు? నోటీసులో ఏముందో చదివి చెప్పేదెవరు? పాత ఆసుపత్రి కాగితాలు, పాత సదరం సర్టిఫికెట్ ఒక ఫైల్‌లో సర్దిపెట్టేదెవరు? సచివాలయం ఉద్యోగి, ఏఎన్ఎం, డ్వాక్రా సంఘం అక్కలు, పక్కింటి కుర్రాడు, ఎవరో ఒకరు చేయాలి. చేసిన ఊళ్లో అప్పీల్ వెళ్తుంది. చేయని ఊళ్లో నోటీసు గూట్లోనే ఉండిపోతుంది.

బయట దేశంలో ఎలా ఉంది?

ఇంగ్లండ్‌లో 2013 ఏప్రిల్‌లో సంక్షేమ పథకాలు పెద్దగా కోత పడ్డాయి. సర్కారు ఇళ్లలో అద్దెకుండే వాళ్లకి గది ఎక్కువుంటే అద్దె సాయం తగ్గించారు. స్థానిక పన్ను రాయితీని కేంద్రం వదిలేసి, మీ పథకం మీరే రాసుకోండని స్థానిక కౌన్సిళ్లకి అప్పజెప్పింది, నిధులు తగ్గించి మరీ. అయితే కౌన్సిళ్ల చేతిలో రెండు ఉన్నాయి. ఒకటి, అద్దె కట్టలేక ఇబ్బందిపడే వాళ్లకి సొంత విచక్షణతో ఇవ్వగలిగే కొంత డబ్బు. రెండు, చాలా కౌన్సిళ్లలో హక్కుల సలహాదారులు ఉంటారు. వీళ్ల పని పింఛను ఇవ్వడం కాదు, మీ తరఫున ఫారం నింపడం, మీ తరఫున అప్పీల్ రాయడం.

మన దగ్గర ఉన్నదేంటంటే మనిషి ఇంటికే వస్తాడు. మొహం చూసి గుర్తుపట్టే మనిషి. అది అక్కడ లేదు, మనం గొప్పగా చెప్పుకోవచ్చు. కానీ మన వెల్ఫేర్ అసిస్టెంటే అర్హత పరిశీలిస్తాడు, ఆయనే డబ్బు తెచ్చిస్తాడు, ఆగితే ఫిర్యాదు కూడా ఆయన దగ్గరే ఇవ్వాలి. ఆయన మంచివాడే కావచ్చు, పని ఒత్తిడీ ఎక్కువే. అయినా మీ తరఫున మాట్లాడే మనిషి వేరే ఉండాలి. ఆ కుర్చీ మన పంచాయతీల్లో ఖాళీగా ఉంది. సర్పంచ్, వార్డు మెంబరు, కౌన్సిలర్ కూర్చోవాల్సిన కుర్చీ అదే అని నా అభిప్రాయం. మంజూరు చేయలేకపోవచ్చు, తోడుగా ఎంపీడీవో ఆఫీసుకి రావచ్చు కదా.

ఇప్పుడు రాసుకోండి

ఒకటి, ఇంట్లో పింఛను తీసుకునే వాళ్ల పేరు, పింఛను ఐడీ, ఏ సచివాలయం కింద ఉందో ఒక కాగితం మీద రాసి ఆధార్ జిరాక్స్‌తో కలిపి పెట్టండి. ఫోన్‌లో ఫొటో కూడా తీసుకోండి.

రెండు, సచివాలయానికి వెళ్లి మీ హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో ఎవరెవరు ఉన్నారో, ఏ కరెంటు మీటరు ఎక్కిందో చూపించమనండి. పింఛను బాగా వస్తున్నప్పుడే చూసుకోండి.

మూడు, ఆగితే కారణం రాయించుకుని, దాన్నిబట్టి ఏ శాఖ తప్పో ఆ శాఖలో దరఖాస్తు పెట్టి, రసీదు తీసుకోండి. రసీదు లేని దరఖాస్తు పెట్టనట్టే.

నాలుగు, సచివాలయంలో తేలకపోతే ఎంపీడీవో లేదా కమిషనర్. అక్కడా తేలకపోతే బందరు కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక. వెళ్లలేకపోతే 1100కి ఫోన్ చేయండి. ఫిర్యాదు నంబర్ ఇస్తారు, అది జాగ్రత్త.

పింఛను తీసుకునే చాలామంది ఈ వీడియో చూడరండి. చూసేది వాళ్ల పిల్లలు, మనవలు, అంటే మీరు. ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు 'తిన్నావా' అని అడిగాక ఇంకొక్కటి అడగండి: 'ఒకటో తారీఖున ఎవరొచ్చారు, ఎంతిచ్చారు, వేలిముద్ర పడిందా?' అని. చిక్కు మొదలైతే మీకు మొదట తెలిసేది ఆ జవాబులోనే.

వచ్చే ఎపిసోడ్‌లో వేట నిషేధం రోజుల్లో మత్స్యకారులకి ఇచ్చే భృతి గురించి మాట్లాడుకుందాం.